లోకల్ వాళ్లకే ఉద్యోగాలు.. రాష్ట్రాలు చట్టం చేస్తే కోర్టులు ఎందుకు ఆపేస్తున్నాయి? రాజ్యాంగం ఏం చెబుతోంది?

"ఫ్యాక్టరీకి భూములిచ్చింది మేము.. పొగ పీల్చేది మేము.. ఉద్యోగాలు మాత్రం ఎక్కడి నుంచో వచ్చినవాళ్లకా?" పారిశ్రామికవాడలు ఉన్న ఏ మండలంలో అడిగినా ఈ మాట వినిపిస్తుంది. అదే ఊళ్లో ఇంకో ఇంటికి వెళ్తే సీన్ వేరేలా ఉంటుంది. అబ్బాయి బెంగళూరులో సాఫ్ట్‌వేర్, అల్లుడు పుణెలో, తమ్ముడు గుజరాత్‌లోని వేరావల్ దగ్గర చేపల బోటు మీద. అక్కడివాళ్లు కూడా "మా ఉద్యోగాలు మాకే" అంటే వీళ్లందరి సంగతేంటి?

ఈ రెండు ప్రశ్నల మధ్యే ఇప్పుడు దేశంలోని కోర్టుల్లో పెద్ద న్యాయపోరాటం నడుస్తోంది. ప్రైవేట్ ఉద్యోగాల్లో స్థానికులకు కోటా పెడుతూ ఒక్కో రాష్ట్రం చట్టం తెస్తోంది. పరిశ్రమలు, సంఘాలు కోర్టుకు వెళ్తున్నాయి. ఒకచోట చట్టం కొట్టేశారు, ఇంకోచోట స్టే ఇచ్చారు, మరోచోట బిల్లు అసెంబ్లీ దాకా రాకుండానే పక్కకు వెళ్లింది. అసలు ఒక రాష్ట్రం నుంచి ఇంకో రాష్ట్రానికి వెళ్లి పని చేసుకునే హక్కు మనకు ఎంతవరకు ఉంది? దాన్ని రాష్ట్ర ప్రభుత్వాలు అడ్డుకోగలవా? అలాగైతే తెలంగాణలో సర్కారీ కొలువుల్లో 95 శాతం లోకల్ రిజర్వేషన్ ఎలా నడుస్తోంది? ఒక్కొక్కటిగా చూద్దాం.

ఏ రాష్ట్రం ఏం చేసింది?

ఈ విషయంలో ముందు అడుగేసింది మన ఆంధ్రప్రదేశే. పరిశ్రమలు, ఫ్యాక్టరీల్లో 75 శాతం ఉద్యోగాలు స్థానికులకే ఇవ్వాలని 2019 జులైలో అసెంబ్లీ చట్టం చేసింది. అప్పటికే నడుస్తున్న పరిశ్రమలకు మూడేళ్ల గడువు ఇచ్చింది. అర్హత ఉన్నవాళ్లు దొరక్కపోతే ప్రభుత్వంతో కలిసి శిక్షణ ఇప్పించి మరీ తీసుకోవాలని చెప్పింది. దీన్ని సవాల్ చేస్తూ హైకోర్టులో పిటిషన్ పడింది. ఈ చట్టం రాజ్యాంగ విరుద్ధం కావచ్చని 2020లో హైకోర్టు ప్రాథమికంగా వ్యాఖ్యానించింది.

ఆ తర్వాత హర్యానా. పది మంది, అంతకంటే ఎక్కువ సిబ్బంది ఉన్న ప్రైవేట్ సంస్థల్లో నెలకు రూ.30 వేల లోపు జీతం ఉండే ఉద్యోగాల్లో 75 శాతం స్థానికులకే అన్నది ఆ చట్టం. 2022 జనవరి 15 నుంచి అమల్లోకి వచ్చింది. గురుగ్రామ్, మానేసర్, ఫరీదాబాద్ లాంటి చోట్ల ఉన్న కంపెనీలకు ఇది మామూలు విషయం కాదు. అక్కడ పనిచేసేవాళ్లలో బయటి రాష్ట్రాల వాళ్లే చాలామంది మరి.

జార్ఖండ్ కూడా 2021లో ఇలాంటి చట్టమే చేసింది. అక్కడ రూ.40 వేల లోపు జీతాలకు 75 శాతం కోటా. దాని అమలుపై జార్ఖండ్ హైకోర్టు 2024 డిసెంబర్‌లో స్టే ఇచ్చింది.

ఇక కర్ణాటక. ఇది మన వాళ్లను నేరుగా కంగారు పెట్టిన వ్యవహారం. మేనేజ్‌మెంట్ ఉద్యోగాల్లో 50 శాతం, మిగతా వాటిలో 70 శాతం స్థానికులకు ఇవ్వాలనే బిల్లుకు 2024 జులైలో కర్ణాటక కేబినెట్ ఓకే చెప్పింది. బెంగళూరు ఐటీ పరిశ్రమ భగ్గుమంది. నాస్కామ్ అభ్యంతరం చెప్పింది. ఇదే అదనుగా ఏపీ ఐటీ మంత్రి నారా లోకేశ్ "విశాఖకు వచ్చేయండి" అంటూ నాస్కామ్‌కు సోషల్ మీడియాలో ఆహ్వానం పంపారు. రెండు, మూడు రోజుల్లోనే కర్ణాటక ప్రభుత్వం బిల్లును పక్కన పెట్టేసింది.

ఇక్కడ గమనించాల్సిన విషయం ఒకటుంది. కర్ణాటక కంపెనీలను పిలిచిన ఏపీ పుస్తకాల్లో అంతకు ఐదేళ్ల ముందే 75 శాతం లోకల్ చట్టం ఉంది. ఇందులో పార్టీలను తప్పుపట్టడం కాదు కానీ, ఈ విషయంలో ఏ రాష్ట్రమైనా రెండు వైపులా ఉంటుందని చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకదు.

రాజ్యాంగంలో ఏముంది?

సింపుల్‌గా చెప్పాలంటే మూడు ఆర్టికల్స్ గుర్తుపెట్టుకుంటే చాలు.

మొదటిది ఆర్టికల్ 19. దేశంలో ఎక్కడికైనా వెళ్లొచ్చు, ఎక్కడైనా స్థిరపడొచ్చు, నచ్చిన వృత్తి, వ్యాపారం చేసుకోవచ్చు అని ఇది పౌరులకు హక్కు ఇస్తుంది. అలాగని దీనికి హద్దులే లేవని కాదు. సాధారణ ప్రజల ప్రయోజనం కోసం సహేతుకమైన ఆంక్షలు పెట్టొచ్చు. షెడ్యూల్డ్ తెగల రక్షణ కోసం కూడా రాకపోకలు, నివాసంపై ఆంక్షలు పెట్టొచ్చు.

రెండోది ఆర్టికల్ 14. చట్టం ముందు అందరూ సమానమే. పౌరులను రెండు వర్గాలుగా విడదీయాలంటే దానికి సరైన కారణం చూపించాలి.

మూడోది ఆర్టికల్ 16. ఇది ప్రభుత్వ ఉద్యోగాల గురించి. పుట్టిన ఊరు, నివాసం ఆధారంగా వివక్ష చూపించకూడదని ఇందులో స్పష్టంగా ఉంది. అయితే వెంటనే ఒక మినహాయింపు కూడా ఉంది. కొన్ని రకాల ప్రభుత్వ ఉద్యోగాలకు 'ఫలానా రాష్ట్రంలో నివాసం ఉండాలి' అనే షరతు పెట్టొచ్చు. కానీ ఆ షరతు పెట్టే అధికారం పార్లమెంటుకు మాత్రమే ఉంది. అసెంబ్లీలకు లేదు.

ఈ అధికారం పార్లమెంటుకే ఎందుకిచ్చారు? దీని వెనక మన తెలుగు ప్రాంతానికి చెందిన పెద్దాయనే ఉన్నారు. నెల్లూరు జిల్లా పూడూరులో పుట్టిన అల్లాడి కృష్ణస్వామి అయ్యర్ రాజ్యాంగ సభలో ఈ సవరణ ప్రతిపాదించారు. స్థానికంగా వేళ్లు లేకుండా ఉద్యోగం కోసం మాత్రమే వచ్చి పోయేవాళ్ల విషయంలో రాష్ట్రాలకు కొంత ఇబ్బంది ఉంటుందని అంబేడ్కర్ కూడా ఒప్పుకున్నారు. కానీ ఒక్కో రాష్ట్రం ఒక్కో రూల్ పెట్టుకుంటూ పోతే దేశమంతా ఒకే పౌరసత్వం అన్న మాటకు అర్థం ఉండదు. అందుకే మినహాయింపు ఇస్తూనే, దాని తాళంచెవి మాత్రం ఢిల్లీలో పెట్టారన్నమాట.

హర్యానా చట్టాన్ని ఎందుకు కొట్టేశారు?

ఫరీదాబాద్ ఇండస్ట్రీస్ అసోసియేషన్ సహా పలు పరిశ్రమల సంఘాలు పంజాబ్-హర్యానా హైకోర్టుకు వెళ్లాయి. 2022 ఫిబ్రవరి 3న హైకోర్టు స్టే ఇచ్చింది. రెండు వారాలకు సుప్రీంకోర్టు ఆ స్టే ఎత్తేసింది. అయితే చట్టం కరెక్టని చెప్పలేదు. స్టే ఇవ్వడానికి సరైన కారణాలు రాయలేదని, కేసును నాలుగు వారాల్లో తేల్చాలని హైకోర్టుకే చెప్పింది.

చివరికి 2023 నవంబర్ 17న జస్టిస్ జి.ఎస్.సంధావాలియా, జస్టిస్ హర్‌ప్రీత్ కౌర్ జీవన్ ధర్మాసనం చట్టం మొత్తాన్ని కొట్టేసింది. తీర్పు సారాంశం ఇదీ.

ఒకటి, ప్రభుత్వ ఉద్యోగాల్లోనే నివాసం పేరుతో వివక్ష చూపకూడదని రాజ్యాంగం చెబుతుంటే, ప్రభుత్వం తాను చేయకూడని పనిని ప్రైవేట్ సంస్థలతో చేయించడం ఎలా కుదురుతుంది?

రెండు, హర్యానాకు చెందనివాళ్లను రెండో తరగతి పౌరులుగా చూడటం కుదరదు. తక్కువ జీతానికి పనిచేసే ఇతర రాష్ట్రాల వాళ్ల బతుకుతెరువు హక్కును ఈ చట్టం దెబ్బతీస్తోంది.

మూడు, ఇదే బాటలో మిగతా రాష్ట్రాలు కూడా నడిస్తే దేశం లోపలే గోడలు లేస్తాయి. రాజ్యాంగం రాసినవాళ్లు కోరుకున్నది అది కాదు.

నాలుగు, ఎవరిని ఉద్యోగంలో పెట్టుకున్నారో ప్రతిదానికీ అధికారులకు లెక్క చెప్పాలనడం ప్రైవేట్ యాజమాన్యాలపై మితిమీరిన పెత్తనమే అవుతుంది.

దీనిపై హర్యానా ప్రభుత్వం సుప్రీంకోర్టుకు వెళ్లింది. 2024 ఫిబ్రవరిలో సుప్రీం నోటీసులు ఇచ్చింది. ఈ అప్పీల్‌లో సుప్రీంకోర్టు చెప్పే మాటే మిగతా అన్ని రాష్ట్రాల చట్టాలకూ దారి చూపిస్తుంది.

ఒక్క విషయం ఇక్కడ క్లియర్‌గా చెప్పుకోవాలి. ఒక కంపెనీ యజమాని తనంతట తాను స్థానికులను ఎక్కువగా తీసుకోవడం వేరు. ప్రభుత్వం చట్టం చేసి "తీసుకోకపోతే జరిమానా" అనడం వేరు. కోర్టులో నిలబడనిది రెండోదే.

మేకప్ ఆర్టిస్ట్ కేసు తెలుసా?

ప్రభుత్వం కాదు, ఒక యూనియన్ రూల్ పెడితే? ఇలాంటి కేసు కూడా సుప్రీంకోర్టుకు వెళ్లింది. చారు ఖురానా అనే మేకప్ ఆర్టిస్ట్ ముంబై సినీ రంగంలో పనిచేయాలనుకున్నారు. అక్కడి సినీ మేకప్ ఆర్టిస్టుల సంఘంలో సభ్యత్వం లేనిదే సెట్‌లో అడుగు పెట్టనివ్వరు. సంఘం రూల్ ప్రకారం మహిళలు హెయిర్ డ్రెస్సర్లుగానే ఉండాలి, మేకప్ కార్డు ఇవ్వరు. పైగా మహారాష్ట్రలో ఐదేళ్ల నివాసం ఉండాలనే మెలిక ఒకటి.

2014 నవంబర్ 10న సుప్రీంకోర్టు ఈ రెండు షరతులనూ కొట్టేసింది. ఆడవాళ్లన్న కారణంతో పని ఇవ్వకపోవడం ఎంత తప్పో, ఐదేళ్లుగా ఇక్కడ లేరన్న కారణంతో అడ్డుకోవడమూ అంతే తప్పని తేల్చింది. సినిమా సెట్ కావచ్చు, ఫ్యాక్టరీ కావచ్చు.. పొట్టకూటి కోసం రాష్ట్రం దాటి వచ్చినవాళ్లకు ఈ తీర్పు పెద్ద అండ.

మరి మన దగ్గర 95 శాతం లోకల్ ఎలా?

ఈ డౌట్ చాలామందికి వస్తుంది. తెలంగాణ ప్రభుత్వ ఉద్యోగాల్లో 95 శాతం స్థానికులకే. దాన్ని కోర్టులు ఎందుకు కొట్టేయడం లేదు? దీనికి జవాబు కావాలంటే వందేళ్లు వెనక్కి వెళ్లాలి.

1919లో నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ ఒక ఫర్మానా జారీ చేశారు. హైదరాబాద్ సంస్థానంలో సర్కారు నౌకరీ కావాలంటే 'ముల్కీ' అయి ఉండాలి. అంటే ఈ నేలవాడై ఉండాలి. బయటి నుంచి వచ్చినవాళ్లకైతే 15 ఏళ్ల నివాసం ఉండాలి. అప్పట్లో ఉత్తరాది నుంచి వచ్చి కొలువులు పట్టేస్తున్నారన్నదే స్థానికుల గోడు. సంస్థానం దేశంలో కలిసిన తర్వాత కూడా ఆ గోడు తగ్గలేదు. 1952లో "గైర్ ముల్కీ గో బ్యాక్" అంటూ విద్యార్థులు రోడ్డెక్కారు. హైదరాబాద్‌లో పోలీసు కాల్పులు జరిగాయి.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డాక 1957లో పార్లమెంటు ఓ చట్టం చేసింది. తెలంగాణ ప్రాంత ఉద్యోగాలకు అక్కడి నివాసం తప్పనిసరి చేసింది. కానీ ఆ హామీలు అమలు కావడం లేదన్న ఆవేదన 1969 తెలంగాణ ఉద్యమానికి దారితీసింది. ఎంతోమంది యువకులు ప్రాణాలు కోల్పోయారు. సరిగ్గా ఆ సమయంలోనే, 1969 మార్చి 28న సుప్రీంకోర్టు ఏవీఎస్ నరసింహారావు కేసులో సంచలన తీర్పు ఇచ్చింది. 'రాష్ట్రంలో నివాసం' అని రాజ్యాంగం చెబితే మొత్తం రాష్ట్రమనే అర్థమని, రాష్ట్రంలోని ఒక ప్రాంతానికి వేరే రూల్ పెట్టడం పార్లమెంటుకు కూడా కుదరదని తెలంగాణకు సంబంధించిన ఆ సెక్షన్‌ను కొట్టేసింది.

కథ అక్కడితో అయిపోలేదు. 1972 అక్టోబర్ 3న ఇంకో కేసులో సుప్రీంకోర్టు పాత ముల్కీ నిబంధనలు ఇంకా బతికే ఉన్నాయని చెప్పింది. ఈసారి మంట కోస్తాంధ్ర, రాయలసీమల్లో అంటుకుంది. జై ఆంధ్ర ఉద్యమం మొదలైంది. 1973 జనవరిలో రాష్ట్రపతి పాలన వచ్చింది. ఒక తీర్పు తెలంగాణకు కోపం తెప్పిస్తే, ఇంకో తీర్పు ఆంధ్రకు కోపం తెప్పించింది. ఉద్యోగాల్లో 'మనవాళ్లెవరు, పరాయివాళ్లెవరు' అన్న ప్రశ్న ఎంత వరకు తీసుకెళ్లగలదో తెలుగువాళ్లకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదేమో.

దీనికి పరిష్కారంగా 1973 సెప్టెంబర్‌లో ఆరు సూత్రాల పథకం వచ్చింది. దాన్ని అమలు చేయడానికి 32వ రాజ్యాంగ సవరణ చేసి ఆర్టికల్ 371-డి చేర్చారు. దాని కింద 1975లో రాష్ట్రపతి ఉత్తర్వులు వచ్చాయి. జిల్లాలు, జోన్ల వారీగా లోకల్ కేడర్లు పెట్టింది అవే.

ఇప్పుడు అసలు జవాబు. 371-డి అసెంబ్లీ చేసిన చట్టం కాదు, రాజ్యాంగంలోనే ఉన్న ప్రత్యేక నిబంధన. రాజ్యాంగంలో ఇంకెక్కడ ఏమున్నా సరే, ఇదే చెల్లుతుందని అందులోనే రాసి ఉంది. రాష్ట్ర విభజన తర్వాత రెండు రాష్ట్రాలకూ ఇది వర్తిస్తోంది. తెలంగాణలో 2018 రాష్ట్రపతి ఉత్తర్వులతో ఏడు జోన్లు, రెండు మల్టీజోన్లు, 95 శాతం లోకల్ కోటా వచ్చాయి. ఒకటి నుంచి ఏడో తరగతి మధ్య కనీసం నాలుగేళ్లు ఎక్కడ చదివితే అక్కడ లోకల్.

కానీ గుర్తుపెట్టుకోండి. ఇదంతా ప్రభుత్వ కొలువులు, విద్యాసంస్థల్లో సీట్ల వరకే. ప్రైవేట్ ఫ్యాక్టరీ గేటు దగ్గర 371-డి పనిచేయదు.

గిరిజన ప్రాంతాల్లో ఏమైంది?

ఏజెన్సీ ప్రాంతాల్లో టీచర్ పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే అంటూ ఉమ్మడి ఏపీలో 2000 సంవత్సరంలో జీవో నంబర్ 3 ఇచ్చారు. గిరిజనేతర టీచర్లు కొండ ఎక్కి బడికి రావడం లేదన్నది, పిల్లల భాష వాళ్లకు రాదన్నది దీని వెనకున్న కారణం. దీన్ని 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం కొట్టేసింది. నూటికి నూరు శాతం రిజర్వేషన్ ఇస్తే మిగతావాళ్లకు అవకాశమే ఉండదని చెప్పింది. అప్పటికే ఉద్యోగాల్లో ఉన్నవాళ్లను మాత్రం షరతులతో కొనసాగనిచ్చింది.

ఈ తీర్పుపై ఏజెన్సీలో అసంతృప్తి ఇప్పటికీ ఉంది. ఎందుకంటే ఉద్యోగాల పోటీలో అందరూ ఒకే గీత మీద నిలబడి లేరన్నది గిరిజన సంఘాల వాదన. సమానత్వం అనే మాట పైనుంచి చూస్తే ఒకలా, అరకు కొండ మీది నుంచి చూస్తే ఇంకోలా కనిపిస్తుంది మరి.

అయితే స్థానికుల బాధ బాధ కాదా?

కచ్చితంగా బాధే. కోర్టులు చట్టాలను కొట్టేసినంత మాత్రాన ఆ సమస్య పోదు. ఇంతకీ యాజమాన్యాలు బయటివాళ్లనే ఎందుకు ఎక్కువగా తీసుకుంటున్నాయి? నైపుణ్యం ఒక కారణం. కానీ అదొక్కటే కాదు. ఊరు కాని ఊరు వచ్చినవాళ్లు షెడ్డులోనే ఉంటారు, పండక్కి సెలవు అడగరు, జీతం గురించి గట్టిగా నోరెత్తరు. అంటే స్థానికుడికి పని దొరక్కపోవడానికి, వలస కూలీ దోపిడీకి మూలం ఒక్కటే. వలస కార్మికుడికి కూడా న్యాయమైన కూలి, సెలవు, బీమా పక్కాగా అందితే, చవకగా దొరుకుతాడన్న కారణంతో అతన్నే తెచ్చుకోవాల్సిన అవసరం యజమానికి తగ్గుతుంది.

భూములు కోల్పోయినవాళ్ల కోసం వేరే దారి కూడా ఉంది. 2013 భూసేకరణ చట్టం రెండో షెడ్యూల్ ప్రకారం, ప్రాజెక్టుతో ఉద్యోగాలు వచ్చే చోట ప్రభావిత కుటుంబంలో ఒకరికి తగిన శిక్షణతో ఉద్యోగం ఇవ్వాలి. లేదంటే కుటుంబానికి రూ.5 లక్షలు ఒకేసారి, లేదా 20 ఏళ్ల పాటు నెలకు కనీసం రూ.2 వేలు తీసుకునే అవకాశం ఇవ్వాలి. ఇది 'మీరు ఏ రాష్ట్రం వాళ్లు' అన్న లెక్క మీద వచ్చేది కాదు, 'మీరు ఏం కోల్పోయారు' అన్న లెక్క మీద వచ్చే హక్కు. అందుకే దీనికి లోకల్ కోటాకు ఉన్న రాజ్యాంగపరమైన చిక్కు లేదు. సమస్యల్లా, చాలామందికి ఈ షెడ్యూల్ సంగతే తెలియదు.

లింగంపల్లి స్టేషన్ చెప్పిన పాఠం

2020 మే 1. లాక్‌డౌన్ తర్వాత దేశంలో మొట్టమొదటి శ్రామిక్ రైలు మన లింగంపల్లి నుంచే జార్ఖండ్‌లోని హటియాకు బయల్దేరింది. నెల రోజులకు పైగా చిక్కుకుపోయిన కూలీలు అందులో ఇంటికి వెళ్లారు. వారం తిరిగేసరికి అదే లింగంపల్లికి బిహార్‌లోని ఖగడియా నుంచి ఇంకో రైలు వచ్చింది. అందులో ఉన్నది తెలంగాణ రైస్ మిల్లుల్లో బస్తాలు మోసే హమాలీలు. దేశమంతా ఇంటికి వెళ్లిపోతుంటే వీళ్లు మాత్రం పనికి వచ్చారు. ఎందుకంటే యాసంగి ధాన్యం కల్లాల్లో పడి ఉంది, మిల్లుల్లో దింపేవాళ్లు లేరు. మన రైతు పంట అమ్ముడుపోవాలంటే బిహార్ హమాలీ రావాల్సి వచ్చింది.

2011 జనాభా లెక్కల ప్రకారం పుట్టిన రాష్ట్రమో, అంతకుముందు ఉన్న రాష్ట్రమో వదిలి ఇంకో రాష్ట్రంలో బతుకుతున్నవాళ్లు సుమారు 5.4 కోట్ల మంది. వాళ్లలో పాలమూరు కూలీలున్నారు, శ్రీకాకుళం మత్స్యకారులున్నారు, బెంగళూరులో మన ఇంజినీర్లున్నారు. ఇటు మన ఇటుక బట్టీల్లో ఒడిశా కుటుంబాలున్నాయి.

మొత్తంగా గుర్తుంచుకోవాల్సినవి

ప్రైవేట్ ఉద్యోగానికి ఏ రాష్ట్రానికైనా వెళ్లొచ్చు. ఆ హక్కు రాజ్యాంగం ఇచ్చింది.

ప్రభుత్వ ఉద్యోగాల్లో నివాసం షరతు పెట్టాలంటే పార్లమెంటు చట్టం గానీ, 371-డి లాంటి ప్రత్యేక నిబంధన గానీ ఉండాలి. అసెంబ్లీ చట్టం సరిపోదు.

ప్రైవేట్ సంస్థల్లో లోకల్ కోటాను తప్పనిసరి చేసే రాష్ట్ర చట్టాలు ఇప్పటిదాకా కోర్టుల్లో గట్టి ఎదురుదెబ్బలే తిన్నాయి. ఫైనల్‌గా తేల్చాల్సింది సుప్రీంకోర్టు.

ప్రాజెక్టు కోసం భూమి ఇచ్చినవాళ్లకు 2013 చట్టం కింద ఉద్యోగం లేదా పరిహారం అడిగే హక్కు వేరేగా ఉంది.

వచ్చే ఎన్నికల్లో ఏ పార్టీ అయినా "మన ఉద్యోగాలు మనకే" అని మైకులో అన్నప్పుడు చప్పట్లు కొట్టే ముందు ఒక్క ప్రశ్న అడగండి. ఏ చట్టం కింద ఇస్తారు? అది కోర్టులో నిలబడుతుందా? ఆ తర్వాత ఒకసారి ఫోన్ తీసి, బెంగళూరులోనో పుణెలోనో ఉన్న మీ ఇంటివాళ్లను కూడా కనుక్కోండి.